ఎండలో పోవు, నీడలో పోతాయి: కూలింగ్ గ్లాసులు పోగొట్టుకోకుండా ఎలా చూసుకోవాలి

కూలింగ్ గ్లాసులు ముక్కు మీద ఉన్నంతసేపూ భద్రంగానే ఉంటాయి. పోయేది తీశాకే. ఎండలోంచి షాపులోకి అడుగుపెట్టినప్పుడు, హెల్మెట్ తీసినప్పుడు, ఫోన్ చూద్దామని అద్దాలు పైకి నెట్టినప్పుడు, పొద్దు వాలి ఇక అక్కర్లేదు అనిపించినప్పుడు. పవర్ అద్దాలు ఇంత తరచుగా ఎందుకు పోవు? తీసిన మరుక్షణం చూపు ఆనదు, వెంటనే గుర్తొస్తాయి. కూలింగ్ గ్లాసులు మాత్రం మళ్లీ కంట్లో ఎండ పడేదాకా గుర్తు రావు. అప్పటికి మీరు ఇంకో ఊళ్లో ఉండొచ్చు.

కాబట్టి జాగ్రత్త పడాల్సింది రోజంతా కాదు, తీసే ఆ రెండు క్షణాలు. కింద చెప్పేవన్నీ ఆ రెండు క్షణాల గురించే.

1. మూడు చోట్లు తప్ప నాలుగోది వద్దు

ముఖం మీద, కేసులో, మెడలో తాడుకి. అద్దాలు ఉండాల్సింది ఈ మూడింట్లో ఒకచోట. టేబుల్, కౌంటర్, బైక్ ట్యాంకు, పిట్టగోడ, కారు టాప్, వాష్‌బేసిన్ అంచు, మంగలి షాపులో అద్దం ముందు అర, ఇవేవీ చోట్లు కావు. "ఒక్క నిమిషమేగా" అని పెట్టిన చోటే అవి ఉండిపోతాయి.

ఎక్కువమంది వాడే మూడు తప్పుడు చోట్ల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నెత్తి మీద. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తల ముఖం కన్నా వెడల్పు. రోజూ నెత్తికి ఎక్కిస్తే కాడలు బయటికి సాగిపోతాయి, ఆ తర్వాత ముఖం మీద కూడా బిగువుగా కూర్చోవు. పైగా జుట్టుకున్న కొబ్బరినూనె కాడలకూ నోస్ ప్యాడ్లకూ అంటుకుని జారుడు మొదలవుతుంది. అంటే నెత్తి మీద పెట్టే అలవాటు ఇవాళ కాకపోతే వచ్చే నెల అద్దాలు పోవడానికి ఏర్పాట్లు చేస్తోందన్నమాట. తిరుమలలో గుండు చేయించుకున్నవాళ్లకైతే ఈ చోటు అసలే లేదు. నున్నటి తల మీద అద్దాలు నిలవవు, చెవుల వెనక కూడా జుట్టు ఇచ్చే పట్టు ఉండదు. కొన్నాళ్లు తాడు వాడండి.

టీషర్టు మెడకు. నిలబడి ఉన్నప్పుడు అద్దాల బరువు కిందికి లాగుతుంది కాబట్టి బాగానే వేలాడతాయి. చెప్పులు వేసుకోవడానికి వంగారా, బరువు ముందుకు మారి, లోపలున్న కాడ మెడ అంచు మీంచి జారిపోతుంది. గుడి ముందు చెప్పుల స్టాండు, హోటల్లో చేతులు కడుక్కునే చోటు, బండి స్టాండు వేసేటప్పుడు, అన్నీ వంగే చోట్లే. మరుగుదొడ్డి సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ పడ్డవాటిని వెనక్కి తీసుకునేవాళ్లు తక్కువ. తప్పనిసరైతే గుండీల చొక్కాకు తగిలించండి, అదీ ఒక కాడను రెండు గుండీల మధ్య సందులోంచి లోపలికి దూర్చి. మెడ అంచుకు వేలాడదీయడం కన్నా ఇది చాలా నయం.

చొక్కా జేబు. ఫోన్ కూడా అదే జేబులో ఉంటే, ఫోన్ తీసినప్పుడు అద్దాలు దాంతో పాటు పైకి వస్తాయి. ఫోన్ మోగినప్పుడు మన ధ్యాస అద్దాల మీద ఉండదు. జేబు ఒకదానికే ఇవ్వండి.

2. ముందు బిగువు చూసుకోండి

వదులు అద్దాలకు ఎన్ని అలవాట్లు నేర్చుకున్నా లాభం లేదు. పరీక్ష సులువు: అద్దాలు పెట్టుకుని మంచం మీదికి వంగి, తలను కిందికి చూస్తూ నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊపండి. పరుపు మీద పడితే పర్వాలేదు. అసలు పడ్డాయంటే సరిచేయించాలి.

జారడానికి కారణం మూడు చోట్ల ఉంటుంది. కాడల చివర చెవి వెనక వంపు చాలకపోవడం మొదటిది. ఎసిటేట్ అనే మేలురకం ప్లాస్టిక్ ఫ్రేమైతే కళ్లద్దాల షాపులో వేడి గాలి పట్టి ఆ వంపు సరిచేస్తారు. తెలిసిన షాపుల్లో చాలాసార్లు డబ్బు కూడా తీసుకోరు. ఇంట్లో స్టవ్ మీద మాత్రం ప్రయత్నించకండి, లెన్సు కోటింగు పాడవుతుంది. రోడ్డు పక్కన కొన్న చవక ప్లాస్టిక్ ఫ్రేములు వేడికి చక్కగా వంగవు, విరుగుతాయి. వాటికి చెవి వెనక తొడిగే చిన్న సిలికాన్ కొక్కేలు దొరుకుతాయి, అవి చాలు.

రెండోది నోస్ ప్యాడ్లు. లోహపు ఫ్రేమైతే వాటిని కొద్దిగా దగ్గరకి నొక్కించుకోవచ్చు. పచ్చబడి గట్టిపడిన ప్యాడ్లకు పట్టు ఉండదు, కొత్తవి వేయించండి. మూడోది ఒట్టి జిడ్డు. చెమట, నూనె, సన్‌స్క్రీన్ కలిసి ముక్కు మీద సబ్బు రాసినట్టు చేస్తాయి. వారానికోసారి చన్నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడిగి, మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. మన మే నెలలో వారానికి రెండుసార్లైనా తప్పదు.

స్క్రూల సంగతి విడిగా చెప్పాలి. కాడ మడతలో ఉండే స్క్రూ చాలా ఫ్రేముల్లో సుమారు 1.4 మిల్లీమీటర్ల మందం, ఆవగింజంత. కాడ దానంతటదే వాలిపోతుంటే స్క్రూ వదులైందని అర్థం. చిన్న స్క్రూడ్రైవరుతో బిగించి, తల మీద రంగులేని నెయిల్ పాలిష్‌ను అగ్గిపుల్ల మొనతో చుక్కంత పెట్టండి. లెన్సుకి తగలనివ్వద్దు, అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను తినేస్తుంది. యంత్రాలకు వాడే స్క్రూ జిగురు కూడా వద్దు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ లెన్సుల్లో సన్న పగుళ్లు తెస్తుంది. సముద్ర స్నానం తర్వాత మంచినీళ్లతో కడక్కపోతే ఉప్పు ఈ స్క్రూకే ముందు తుప్పు పట్టిస్తుంది.

3. ఏది ముందు, ఏది తర్వాత

స్కూటీ మీద ఎండలో వెళ్లే అమ్మాయిలు ముఖానికి స్కార్ఫ్ చుట్టి, పైన అద్దాలు పెట్టి, దానిపైన హెల్మెట్ పెట్టుకుంటారు. దిగాక హెల్మెట్‌ను ఒక్క ఊపున లాగితే అద్దాలు దాంతోపాటు ఎగిరి వెనక పడతాయి. రోడ్డు చప్పుడులో పడిన సంగతి వినపడదు కూడా.

క్రమం ఇది. బండి ఆపి, స్టాండు వేసి, తాళం తీసుకున్నాక హెల్మెట్ వైజర్ ఎత్తండి. ముందు అద్దాలు తీసి కేసులో పెట్టండి. తర్వాత హెల్మెట్. ఆఖరున స్కార్ఫ్. పెట్టుకునేటప్పుడు దీనికి తిరగబడి: స్కార్ఫ్, హెల్మెట్, చివరికి అద్దాలు. ఫుల్‌ఫేస్ హెల్మెట్‌లో కాడలు నిటారుగా, హెల్మెట్ మెత్తకూ చెవికీ మధ్య దూరాలి. చివర బాగా వంగి ఉన్న కాడలు దూరవు, దూర్చబోతే విరుగుతాయి. బండి మీద వాడే జతకు నిటారు కాడలున్నవే ఎంచుకోండి.

చున్నీకీ, మాస్కుకీ ఇదే సూత్రం. మాస్కు చెవి తాడు అద్దాల కాడతో మెలిపడుతుంది. మాస్కు ముందు లాగితే అద్దం వెంట వస్తుంది.

4. స్క్రీన్ చూడ్డానికి అద్దాలు తీయకండి

పోలరైజ్డ్ (నీటి మీద, రోడ్డు మీద మెరుపును ఆపే) అద్దాలున్నవాళ్లకు ఇది పెద్ద గండం. ఆ అద్దాల్లోంచి చూస్తే కొన్ని ఫోన్లు, ఏటీఎం తెరలు, పెట్రోల్ బంకు డిస్‌ప్లేలు నల్లగా కనబడతాయి. తెరలోంచి వచ్చే కాంతి ఒక దిశలో కంపిస్తుంది, అద్దం ఇంకో దిశనే రానిస్తుంది. రెండూ అడ్డంగా పడితే చీకటి. తెర పాడైందనుకుని మనం అద్దాలు తీసి ఏటీఎం పైన పెడతాం. తర్వాత కార్డు, డబ్బు, రసీదు అన్నీ జాగ్రత్తగా తీసుకుంటాం. అద్దాలు అక్కడే.

ఫోన్ అయితే అడ్డంగా తిప్పండి. ఏటీఎం దగ్గర తలను ఒక పక్కకు వంచండి. చాలావరకు తెర కనబడుతుంది. కనబడకపోతే అద్దాలు తీసి నేరుగా కేసులోకి. కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేటప్పుడూ ఇంతే.

5. కేసు మీ దగ్గర ఉండాలి, ఇంట్లో కాదు

కొన్నప్పుడు ఇచ్చిన గట్టి కేసు పెద్దదని బీరువాలో పెట్టేస్తారు. అది జేబులో పట్టదన్నది నిజమే. అందుకని బ్యాగు మోసేవాళ్లు గట్టి కేసు, మోయనివాళ్లు గుడ్డ సంచి పెట్టుకోండి. గుడ్డ సంచి గీతలు ఆపుతుంది, నలగకుండా ఆపదు. వెనక జేబులో పెట్టి కూర్చోకండి.

కేసుకు బ్యాగులో ఒకే అర ఉండాలి. కేసు ఖాళీగా ఉంటే అద్దాలు ముఖం మీద ఉండాలి. లేచి బయల్దేరే ముందు కేసును ఒకసారి ఊపి చూడండి, చప్పుడు రాకపోతే చెయ్యి ముఖం మీదికి వెళ్లాలి. బస్సు దిగే ముందు ఫోన్, పర్సు తడుముకుంటాం కదా, దానికి ఇది మూడోది. కేసు లోపల మీ మొబైల్ నెంబరు చీటీ అంటించండి. వస్తువు ఎక్కడుందో ఫోన్లో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటివి వాడాలనుకుంటే అవి కేసులోనే పడతాయి. అది 31.9 మిల్లీమీటర్ల బిళ్ల, 11-12 గ్రాముల బరువు, కాడకు కట్టుకునేది కాదు. కేసు దొరికి అందులో అద్దాలు లేకపోతే దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మా ఉద్దేశంలో ఆ డబ్బుతో మంచి తాడు కొనుక్కోవడం మేలు.

6. తాడు

పెద్దవాళ్లు వాడేదని కుర్రాళ్లు నవ్వుతారు కానీ, ఇంతకన్నా నమ్మకమైన ఉపాయం లేదు. కంటి శుక్లం ఆపరేషన్ తర్వాత నల్లద్దాలు పెట్టుకున్న పెద్దవాళ్లకు తప్పకుండా కట్టండి. మంచం మీద, దిండు కింద పెట్టి, వాటి మీదే పడుకోవడం మామూలే.

కొనేటప్పుడు చూడాల్సింది చివరి రబ్బరు ఉంగరం. సన్న తీగ కాడకు లావు ఉంగరం నిలవదు, లావు కాడకు చిన్నది ఎక్కదు. కాడకు తొడిగి మెల్లగా లాగండి. సులువుగా ఊడొస్తే ఆ తాడు వద్దు. చెరకు రసం మిషన్, నూర్పిడి యంత్రం, డ్రిల్లింగ్ మిషన్ లాంటి తిరిగే యంత్రాల దగ్గర మాత్రం మెడలో ఏ తాడూ ఉండకూడదు.

7. నీళ్ల దగ్గర

మామూలు కూలింగ్ గ్లాసులు నీళ్లలో మునుగుతాయి. ప్లాస్టిక్ కాబట్టి తేలతాయనుకోవద్దు. తేలే తాడని అమ్మే ఫోమ్ తాడు కొన్నా, బకెట్ నీళ్లలో అద్దాలతో సహా వేసి పది నిమిషాలు వదిలి చూడండి. కొన్ని ఫోములు నీళ్లు పీల్చుకుని నెమ్మదిగా మునుగుతాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లోనైనా, బాపట్ల సూర్యలంకలోనైనా అద్దాలు పోయే తీరు ఒక్కటే: ఫొటో కోసం అలలకు వీపు పెట్టి నిలబడడం. అల వెనకనుంచి నడుముకు కొడుతుంది, మనిషి ముందుకు తూలతాడు, అద్దాలు నురగలో పడతాయి, వెనక్కి వెళ్లే నీరు ఇసుకతో పాటు వాటిని లాక్కుపోతుంది. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చే చోటికి వెళ్లేటప్పుడు అద్దాలు ఒడ్డున బ్యాగులో ఉండాలి, లేదా తాడు వెనక బిగించి ఉండాలి. పడిపోతే అల వెంట పోకండి. ఆర్కే బీచ్‌లో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, అద్దాల కోసం మనిషి పోకూడదు.

చెరువులోనో, కాలువ రేవులోనో లోతు తక్కువ ఉన్న చోట పడితే దొరికే వీలుంది. కదలకండి. కాళ్లు కదిపితే బురద లేచి ఏమీ కనబడదు. ఒడ్డున ఒక గుర్తు, చెట్టో స్తంభమో, చూసి పెట్టుకోండి. పక్కవాళ్ల పోలరైజ్డ్ అద్దాలు అడిగి తీసుకుని చూడండి, నీటి మీద మెరుపు తగ్గి అడుగు కనబడుతుంది. పారే నీరైతే పడిన చోటు కన్నా దిగువన వెతకాలి. పాదాన్ని ఎత్తి వేయకుండా అడుగున జరుపుతూ వెళ్లండి, తొక్కితే మిగిలేది సగమే. పాపికొండల లాంచీలో రెయిలింగ్ మీదికి వంగి పోగొట్టుకుంటే మాత్రం గోదారికి దణ్ణం పెట్టుకోవడమే.

నీళ్ల దగ్గరికి ఒక చవక జత విడిగా పెట్టుకోవడం తెలివైన పని. కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో తక్కువ ధరకే దొరుకుతాయి. అయితే యూవీ 400 (అతినీలలోహిత కిరణాలను ఆపుతాయని చెప్పే గుర్తు) అని రాసి ఉంటే సరిపోదు, షాపులో చిన్న మీటరు మీద చూపించమనండి. ముదురు రంగు వెనక కంటిపాప పెద్దదవుతుంది. అతినీలలోహిత కిరణాలు ఆగకపోతే అద్దాలు లేనప్పటికన్నా ఎక్కువే లోపలికి పోవచ్చు.

8. గుహలు, మెట్లు, కోతులు

బొర్రా గుహల్లోకి దిగేటప్పుడు ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి పోతాం. చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి కాబట్టి అద్దాలు నెత్తి మీదికి ఎక్కుతాయి. పైన ఏముందో చూద్దామని తల ఎత్తగానే వెనక్కి పడతాయి. బెలూం గుహల్లో తల వంచి నడిచే చోట్లలో ముందుకు పడతాయి. టికెట్ కౌంటర్ దగ్గరే కేసులో పెట్టి జిప్ వేయండి.

తిరుమల నడకదారిలో, శ్రీశైలంలో కోతులుంటాయి. అవి ఎక్కువగా చూసేది చేతిలోని కవర్లనే. కానీ యాత్రకు బృందావనం వెళ్లే మన తెలుగువాళ్లు ఒకటి తెలుసుకుని వెళ్లాలి: అక్కడి కోతులు కళ్లద్దాలనే లాక్కుంటాయి. తినడానికి కాదు, బదులుగా ఫ్రూటీ ప్యాకెట్టో బిస్కెట్టో వస్తుందని వాటికి తెలుసు. గుళ్ల దగ్గరి సందుల్లో నడిచేటప్పుడు అద్దాలు బ్యాగులో పెట్టుకోండి. పవర్ ఉన్నవాళ్లు తప్పనిసరిగా రెండో జత తీసుకెళ్లాలి. లాక్కుపోతే వెంటపడకండి, పళ్లు కనబడేలా అరవకండి. అరిస్తే ఇంకా పైకెక్కి కొరికి వంచేస్తుంది. అక్కడి కొట్టువాళ్లను పిలిస్తే వాళ్లే ఏదో ఒక ప్యాకెట్ విసిరి దింపించడం రోజూ జరిగేదే.

9. ప్రయాణంలో

కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే పోవు, పాడవుతాయి. వేసవిలో మూసిన కారులో అక్కడ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఫ్రేము మెత్తబడి వంకర పోతుంది, వదులైన ఫ్రేము తర్వాత ఎక్కడో జారిపోతుంది. సీటు పక్క సందులో పడితే సీటు పూర్తిగా ముందుకు జరిపి, వెనక సీటు వైపునుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. తొందరలో వెనక్కి జరిపితే పట్టాలు నలిపేస్తాయి.

రైల్లో పై బెర్తువాళ్లు ఫ్యాన్ జాలీ మీద, కింది బెర్తువాళ్లు కిటికీ పక్క మడత బల్ల మీద పెడతారు. తెల్లవారుజామున దిగేవాళ్లకు ఇంకా ఎండ రాదు, అందుకే గుర్తు రాదు. పడుకునే ముందే బ్యాగులో పెట్టండి. విమానాశ్రయంలో సెక్యూరిటీ ట్రేలో విడిగా వేయకండి. నల్లటి అద్దాలు ట్రే మూలన కనబడవు. కేసులో పెట్టి బ్యాగులోనే పంపండి.

10. పోయాక

ముందు నెత్తి తడుముకోండి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అవకూడదు. తర్వాత ఎక్కడెక్కడ తిరిగారో మొత్తం కాదు, ఎక్కడెక్కడ ఎండలోంచి నీడలోకి వెళ్లారో గుర్తు చేసుకోండి. ఆ జాబితా నాలుగైదు చోట్లకు మించదు. చివరినుంచి వెనక్కి వెతకండి. ఆ రోజు తీసుకున్న ఫొటోలు చూస్తే అద్దాలు ఏ ఫొటో దాకా ఉన్నాయో తెలిసిపోతుంది, పక్కనే టైమూ ఉంటుంది.

రైలైతే 139కి ఫోన్ చేయండి, లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో పీఎన్నార్, కోచ్, బెర్తు నెంబర్లతో రాయండి. ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు తిరిగి ఇచ్చే పనిని రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) 'ఆపరేషన్ అమానత్' పేరుతో చేస్తోంది. ఆర్టీసీ బస్సైతే టికెట్ పారేయకండి, దాని మీద వివరాలతో డిపోకు వెళ్లండి. ఊబర్ లాంటి యాప్‌లో పాత ప్రయాణం తెరిస్తే పోయిన వస్తువు గురించి డ్రైవరును అడిగే దారి ఉంటుంది. విమానాశ్రయం సెక్యూరిటీలో దొరికినవాటి వివరాలు సీఐఎస్ఎఫ్ తన వెబ్‌సైట్లో పెడుతుంది.

వీటన్నిటికీ గుర్తు చెప్పాలి. "నల్ల అద్దాలండీ" అంటే ఎవరూ ఇవ్వరు. అందుకే ఇవాళే కాడ లోపలివైపు ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడ 52, ఒక చిన్న చదరం, 18, ఆ పక్కన 140 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. పక్కనే మోడల్, రంగు కోడ్ ఉంటాయి. దొరక్కపోయినా ఈ అంకెలు షాపులో చూపిస్తే మీ ముఖానికి పట్టే కొలతే మళ్లీ ఇస్తారు. పవర్ ఉన్న జతైతే డాక్టరు చీటీ ఫొటో కూడా అదే ఆల్బంలో పెట్టండి.